బతికే ఉన్నారనుకున్నవాళ్ళు

ఫిబ్రవరి 27, గురువారం

లెక్క తేలింది. తేడా లేదు.

పదహారు నెలలు కుర్చీలో కూర్చుని నడుం విరగ్గొట్టుకున్నందుకు ఈ రెండు ముక్కలు ఇంకోసారి రాసుకునే హక్కు నాకుంది. తేడా లేదు. ఆ ఆగస్టు తుఫాను మన లూసియానా తీరాన్ని కొట్టిన రోజున, రేడియేషన్ చికిత్స సగంలో ఉన్నవాళ్ళు మా క్యాన్సర్ రిజిస్ట్రీలో రెండువందల పన్నెండు మంది. కేంద్రాలు మూతపడ్డాయి, రోడ్లు మునిగాయి, యంత్రాలకు కరెంటు లేదు. సగటున పంతొమ్మిది రోజులు చికిత్స ఆగిపోయింది. తుఫాను లేని ఏళ్ళలో ఇదే చికిత్స ఒక్క రోజు కూడా ఆగకుండా పూర్తి చేసుకున్నవాళ్ళు ఆరువందల నలభై మంది. నాలుగేళ్ళ తర్వాత చూస్తే వీళ్ళలో నూటికి అరవై రెండు మంది బతికి ఉన్నారు. తుఫానువాళ్ళలో అరవై ఒక్కరు.

మా డైరెక్టర్ డాక్టర్ ఓజెన్ కాగితం చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అయితే బస్సుల పథకం పని అయిపోయినట్టే" అన్నారు. తుఫాను వస్తుందని తెలియగానే, మూడు రోజుల ముందే క్యాన్సర్ రోగులను వాళ్ళ చికిత్స కాగితాలతో సహా ఉత్తరాది ఊళ్ళకు పంపేసి, అక్కడి యంత్రాల మీద రోజూ వేళ ఇప్పించే పథకం అది. మే ఇరవైన ఆసుపత్రుల సంఘం దానికి ఔననో కాదనో చెప్పాలి. జూన్ ఒకటి నుంచి తుఫానుల కాలం.

"లెక్క ఏం చెబితే అదే డాక్టర్ గారూ" అన్నాను. నేను ఎప్పుడూ అనే మాటే.

హాయిగా ఉంది. వచ్చేదారిలో మార్డీ గ్రా పండుగ కేకు కొన్నాను. అదృష్టానికి లోపల దాచే బొమ్మ నాకే దొరికింది. కేకు మొత్తం ఒక్కదాన్నే తింటే ఇంకెవరికి దొరుకుతుంది.

ఎందుకో తమ్ముడు ఆల్సీద్ గుర్తొచ్చాడు.

ఫిబ్రవరి 28

మళ్ళీ చూశాను. తేడా లేదు.

మార్చి 5, బుధవారం

ఇవాళ భస్మ బుధవారం. ఒడీల్ నకేన్ నుదుట బూడిద బొట్టుతో చర్చి నుంచి తిన్నగా మా ఆఫీసుకు వచ్చింది. డెబ్బై మూడేళ్ళు. ఈ గ్రాండ్ మారే ఊళ్ళో ఆమెను ఎరగనివాళ్ళు లేరు. ముప్ఫై ఒక్క ఏళ్ళు మా రిజిస్ట్రీలో ఆమె పని ఫోన్. ఏటా ఒకసారి ప్రతి రోగికీ ఫోన్ చేసి, ఉన్నారా, ఎలా ఉన్నారు అని కనుక్కుని కార్డులో రాయడం. తుఫాను తర్వాత ఆ ఉద్యోగం తీసేశారు. ఇప్పుడు కంప్యూటర్ రాష్ట్రపు మరణాల జాబితా తెచ్చి పోల్చుకుంటుంది. అందులో పేరుంటే పోయినట్టు. లేకపోతే గడిలో 'సజీవులుగా భావించడమైనది' అని పడుతుంది.

"మిస్ ఒడీల్, లోపలికెలా వచ్చారు? కార్డు లేనిదే తలుపు తియ్యరే."

"కాపలా ఆయన అత్తగారికి ముప్ఫై ఏళ్ళుగా నేనే ఫోన్ చేశాను. నన్నాపుతాడా? అది సరే కానీ పిల్లా, ఈ రిపోర్టు నువ్వేనా రాసింది?"

"నేనే."

"ఇందులో నలభై ముగ్గురి సంగతి నాలుగేళ్ళుగా ఎవరికీ తెలీదు. మరి బతికున్నారని నీకెవరు చెప్పారు?"

"పోయినట్టు జాబితాలో లేదు."

"ఏ జాబితా?"

"మన రాష్ట్రానిది. దేశమంతటిదీ కావాలంటే విడిగా అర్జీ పెట్టాలి. ఏడాది పడుతుంది."

"వాళ్ళు మన రాష్ట్రంలో ఉంటేగా! ఇల్లెగిరిపోయి టెక్సాస్ పోయారు, మిసిసిప్పీ పోయారు, ఒకాయన కూతురి దగ్గరికి ఒహాయో పోయాడు. అక్కడ పోతే నీ కంప్యూటర్‌కి కల్లోకొచ్చి చెబుతారా?"

నేను పద్ధతి గురించి చెప్పబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"చూడు కోరాలీ, పోయినవాళ్ళని లేపడం యేసుప్రభువు ఒక్కడే చేశాడు. ఆయన కూడా ముగ్గురితో సరిపెట్టుకున్నాడు. నువ్వు కుర్చీలోంచి లేవకుండా నలభై మూడు మందిని లేపావు!"

పక్క గదిలో ఎవరో పకపకా నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

మార్చి 6

అన్ని చోట్లా వాడే పద్ధతే ఇది. పుస్తకాల్లో ఉంది. పేరున్నవాళ్ళంతా వాడతారు.

ఆ నలభై మూడు వరుసలూ తెరిచి చూశాను. పేర్లుండవు, అంకెలే. వరుస 117. మగ, గొంతు క్యాన్సర్, పుట్టిన తేదీ నవంబరు 9. ఆ తేదీ నాకు తెలుసు. ఫైలు మూసేశాను.

వాడు మొండివాడు. చికిత్స మధ్యలో నా మాట వినకుండా టెక్సాస్ వెళ్ళిపోయాడు. అక్కడ పోర్ట్ ఆర్థర్‌లో ఉంటున్నాడని తెలుసు. రెండేళ్ళ కిందట ఒకసారి ఫోన్ చేశాను కూడా. ఎత్తాడు. ఊపిరి వినబడుతోంది. "ఆల్సీద్, నేను" అన్నాను. పలకలేదు. నేనూ పెట్టేశాను. అంత కోపం దాచుకున్నవాడు బతికే ఉంటాడు. వాడిని సజీవుడిగా భావించడంలో తప్పేమీ లేదు.

మార్చి 10, సోమవారం

ఒడీల్‌ను రానిచ్చారు. జీతం లేకుండా, రోగుల వివరాలు బయటపెట్టనని ప్రమాణపత్రాల మీద సంతకం పెట్టించుకుని. నా పక్క బల్లే ఇచ్చారు. "వెతికితే నష్టమేముంది కోరాలీ?" అని డాక్టర్ ఓజెన్ అడిగారు. నష్టమేముందో నేను చెప్పలేకపోయాను.

మార్చి 14, శుక్రవారం

ఇవాళ నా పని నేను చేసుకోలేదు. రోజంతా ఆమెను చూస్తూ కూర్చున్నాను.

బూట్లు విప్పి బల్ల కింద పెడుతుంది. పెన్సిలు చెక్కుకుంటుంది. అట్టపెట్టెలోంచి పాత కార్డు తీసి, ఆ మనిషి ఎదురుగా కూర్చున్నట్టు ఒక నిమిషం చూస్తుంది. తర్వాత ఫోన్. కార్డులో ఉన్న నంబరు పనిచెయ్యదు, ఇల్లే లేదు కాబట్టి. అప్పుడు మొదలవుతుంది అసలు విద్య. ఆ మనిషి ఏ చర్చికి వెళ్ళేవాడు, జుట్టు ఎవరి దగ్గర కత్తిరించుకునేవాడు, ఎవరి పడవలో రొయ్యలకు వెళ్ళేవాడు, అన్నీ కార్డు వెనక రాసుకుంది. ముప్ఫై ఏళ్ళ కిందట ఎవరూ రాయమనలేదు.

పొద్దున సముద్రం ఒడ్డున ఎరలమ్మే కొట్టుకు చేసింది.

"ఒడీల్‌ని మాట్లాడుతున్నా. మీ కొట్టు ముందు బెంచీ ఇంకా ఉందా, తుఫాను ఎత్తుకుపోయిందా?... ఉందా! దానిమీద కూర్చుని చేపల గురించి అబద్ధాలాడే ఒక పొడుగాయన ఉండాలి, టోపీ ఎప్పుడూ తియ్యడు... ఆఁ, ఆయనే. ఏం లేదు, ఎలా ఉన్నాడో కనుక్కుందామని."

రోగి కానివాళ్ళతో జబ్బు మాట ఎత్తదు. ఎత్తకూడదు. మూడో ఫోనుకు ఆ పొడుగాయన చెల్లెలు దొరికింది, మిసిసిప్పీలో. ఆయన తుఫాను వచ్చిన ఏడాది క్రిస్మస్‌కే పోయాడు. ఒడీల్ ఆ చెల్లెలితో నలభై నిమిషాలు మాట్లాడింది. ఫోన్ పెట్టాక ఉత్త కాళ్ళతో లేచి నిలబడి కార్డులో తేదీ రాసింది. పోయినవాళ్ళ తేదీ కూర్చుని రాయదట.

నలభై ఆరేళ్ళ వయసులో నాకు మొదటిసారి అనిపించింది, నేను ఇన్నాళ్ళూ వాడిన ప్రతి అంకె వెనకా ఈమె లేచి నిలబడి ఉందని. సిగ్గేసింది. గొప్పగానూ అనిపించింది, ఇలాంటి మనిషి పక్కన కూర్చున్నానని.

మధ్యాహ్నం నన్నూ ఒక ఫోన్ చెయ్యమంది. ఎత్తారు, పలకలేదు. నేను పెట్టేశాను. ఆమె నా వేళ్ళ మీద పెన్సిలుతో ఒకటి అంటించింది.

"అంత తొందరేంటి, కూర పొయ్యి మీద పెట్టొచ్చావా? కార్డు చదివావా? నాలుక కేసు. గొంతు కేసులూ నాలుక కేసులూ మాట కూడదీసుకోడానికి టైం పడుద్ది. కొందరికి మాటే ఉండదు. ఇరవై లెక్కపెట్టేదాకా ఫోన్ పెట్టకూడదు. అర్థమైందా? ఇరవై."

అర్థమైంది అన్నాను. కాఫీ తెచ్చుకుంటానని లేచాను. బయట కారులో కూర్చుండిపోయాను. కాఫీ తెచ్చుకోలేదు.

మార్చి 25

పదకొండు మంది జాడ దొరికింది. వాళ్ళలో ఏడుగురు ఇప్పుడు లేరు.

పోల్చి చూసే ఆరువందల నలభై మందిలో కూడా జాడ తెలియనివాళ్ళు పన్నెండు మంది ఉన్నారు. వాళ్ళనీ వెతకాలంది ఒడీల్. టైం చాలదన్నాను.

"ఒక పక్కే తవ్వి ఎముకలు దొరికాయంటే ఎవరు నమ్ముతారు? రెండో పక్కా తవ్వాలి."

లెక్కల పట్టా నాది. ఈ మాట చెప్పాల్సింది నేను.

ఏప్రిల్ 3, గురువారం

ఇరవై నాలుగు మంది దొరికారు. పద్నాలుగు మంది లేరు.

నిజం చెప్పాలంటే ఆల్సీద్ నా మాట వినకుండా వెళ్ళిపోలేదు. మొదట విన్నాడు. ఆగమన్నాను, ఆగాడు. కొన్నాళ్ళు ఆగి అప్పుడు వెళ్ళాడు. అంతే తేడా.

చిన్నప్పుడు నాన్న రొయ్యల పడవలో ఇంజను మోతకు చెవుల్లో ఏమీ పడేది కాదు. నేను చుక్కాని దగ్గర, వాడు వల దగ్గర. వేలి కణుపులతో చెక్క మీద కొట్టుకునేవాళ్ళం. ఒక దెబ్బ ఔను, రెండు దెబ్బలు కాదు. ఆ మోతలో నోటి మాట వినబడదు కానీ చెక్కలోంచి దెబ్బ చేతికి తెలిసేది. తొమ్మిదేళ్ళకే వాడికి వల ఎప్పుడు లాగాలో తెలుసు. నాకు ఇప్పటికీ తెలియదు. నాకు చదువొచ్చింది, వాడికి సముద్రం వచ్చింది. రాత అంటే వాడికి మొదటి నుంచీ పడదు. ఉత్తరం ముక్క కూడా రాసి ఎరగడు.

ఏప్రిల్ 9

వాన. ఒడీల్‌కు దగ్గు. వద్దన్నా వచ్చింది. ఇంకో ముగ్గురు. ఇద్దరు ఉన్నారు! ఒకావిడ ఫోన్లో పాట పాడి వినిపించిందట. ఆఫీసంతా చప్పట్లు కొట్టాం.

ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే

ఒడీల్ ఇంట్లో క్రాఫిష్, అదే మంచినీటి రొయ్యలు, ఉడకబెట్టారు. పెరట్లో బల్ల మీద న్యూస్‌పేపర్లు పరిచి, మొక్కజొన్న కండెలూ బంగాళాదుంపలూ కలిపి కుమ్మరించారు. వేళ్ళు మండిపోతుంటే తింటూ అడిగాను, జీతం లేదు కదా, ఎందుకు మీకీ తాపత్రయం అని.

"తొంభై నాలుగులో ఒకావిడకి ఫోన్ చేశా. మీ ఆయన ఎలా ఉన్నారమ్మా అన్నా. పోయి ఏడు నెలలైంది అంది. మా దగ్గరికి కాగితం రాలేదు. క్షమించమన్నా. ఆవిడేమందో తెలుసా? ఆయన పోయాక ఆయన గురించి అడిగింది నువ్వే మొదలు అంది." ఒక క్రాఫిష్ తల తుంచి పక్కన పడేసింది. "కాగితం మీద బతికించి ఉంచామనుకో, పరామర్శకి ఎవరొస్తారు పిల్లా?"

అందరూ వెళ్ళాక చేతులు కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"నూట పదిహేడో కార్డు. వెర్రెట్, ఆల్సీద్. నీ ఇంటిపేరే."

"తమ్ముడు."

"ఎప్పట్నుంచి తెలుసు ఆ వరుస వాడిదని?"

"మార్చి నుంచి." తర్వాత అన్నాను, "అంతకు ముందు నుంచి కూడా అనుకుంటా."

"నీ సొంత రక్తం ఉన్న లెక్క నువ్వు ముట్టుకోకూడదు. డాక్టర్‌కి చెప్పావా?"

చెప్పలేదని ఆమెకు తెలుసు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఆ కార్డు నేను చేస్తాను. ఏం తేలినా తిన్నగా డాక్టర్‌కే ఇస్తాను. నీకు చెప్పను. చెప్పకూడదు, చట్టం ఒప్పుకోదు. నేను రిజిస్ట్రీని కాబట్టి. నువ్వు అక్కవి. నిన్ను ఏ చట్టం ఆపిందో నాకు తెలీదు."

ఏప్రిల్ 22

డాక్టర్ ఓజెన్‌తో చెప్పేశాను. ఇకనుంచి ఫలితాలు వేరే ఉద్యోగి ఎక్కించాలని, నేను రాసిన లెక్క మొత్తం బయటివాళ్ళు మళ్ళీ చేసి చూడాలని ఉత్తర్వు రాశారు. నన్ను తీసెయ్యలేదు.

ఏప్రిల్ 24

ఒడీల్ ఇవాళ నూట పదిహేడు చేసింది. నేను భోజనానికి వెళ్ళిన వేళ చూసి చేసిందట. తిరిగొచ్చేసరికి కవరు అంటించి ఉంది. ఆమె కాళ్ళ వైపు చూశాను. బూట్లు బల్ల కిందే ఉన్నాయి. ఆమె కూర్చుని ఉంది. లేచి నిలబడి మళ్ళీ కూర్చుందో, అసలు లేవలేదో, ఎలా తెలుస్తుంది?

ఆమె మొహం చూశాను. చర్చిలో గోడ చూసినట్టే ఉంది.

మే 2, శుక్రవారం

ఇక్కడ కూడా అబద్ధం రాసుకుంటే ఇంకెక్కడ నిజం రాస్తాను.

తుఫాను వెళ్ళిన మూడో రోజు. నా వంటింట్లో, మధ్యాహ్నం. వాడికి ముప్ఫై అయిదు రోజుల చికిత్సలో పద్నాలుగు అయ్యాయి. సంచి సర్దుకుని వచ్చాడు. పిన్ని కొడుకు కారులో టెక్సాస్ వెళ్తున్నానన్నాడు. అక్కడి కేంద్రం వాడిని చేర్చుకుంటానంది, మర్నాడే రేడియేషన్ మొదలుపెడతామంది. నన్ను అడగడానికి రాలేదు, చెప్పి వెళ్ళడానికి వచ్చాడు.

"అక్కా, ఏమంటావు?" అని మర్యాదకు అన్నాడు.

"వద్దురా" అన్నాను. "మన కేంద్రం మూడు రోజుల్లో తెరుస్తారు. కొత్త చోట మళ్ళీ మొదటి నుంచి కొలతలు తీస్తారు. మూడు రోజులు ఆగితే ఏమీ కాదు. నా పనే ఇది, నాకు తెలుసు."

నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. తెలుసుకుందామనే కదా తర్వాత పదహారు నెలలు కూర్చున్నాను. కానీ ఒంటరిగా ఉండాలంటే భయమేసింది. ఇంటి పైకప్పు సగం లేదు, నీళ్ళు లేవు, వాడు ఉంటే బాగుంటుందనిపించింది. ఆ మాట చెప్పుకోలేక లెక్కల మాట చెప్పాను.

వాడు సంచి కింద పెట్టాడు. నా పైకప్పు మీద టార్పాలిన్ కట్టాడు. మూడు రోజులు ఆరయ్యాయి, ఆరు పన్నెండయ్యాయి. ఇరవయ్యో రోజున ఒక్క మాట మాట్లాడకుండా సంచి తీసుకుని వెళ్ళాడు. అక్కడ మొదలుపెట్టేసరికి ఇరవై రెండు.

తేడా లేదు అని లెక్క తేలినప్పుడు అంత హాయిగా ఎందుకుందో ఇప్పుడైనా రాశాను.

మే 6, మంగళవారం

బయటివాళ్ళు లెక్క చేశారు. నేను పక్కన కూర్చుని చూశాను.

నలభై ముగ్గురిలో నలభై ఒక్కరు దొరికారు. ఇరవై అయిదుగురు లేరు. ఇద్దరు ఎంత వెతికినా దొరకలేదు. అరవై ఒకటి నలభై తొమ్మిదయింది. పోల్చే గుంపులో పన్నెండు మందినీ వెతికితే ముగ్గురే లేరు. అక్కడ అరవై రెండు అలాగే నిలబడింది.

పది రోజుల్లోపు ఆగినవాళ్ళలో నూటికి యాభై ఎనిమిది మంది ఉన్నారు. ఇరవై రోజులు దాటినవాళ్ళలో నలభై ఒక్కరు. తుఫాను ఒక్క చికిత్సనే ఆపలేదు, ఇల్లూ తిండీ నిద్రా కూడా పట్టుకుపోయింది, అది కూడా రిపోర్టులో రాయించాను. కానీ ఆగిన కొద్దీ పోయినవాళ్ళు పెరిగారు. ఇది తేడా.

ఫైలు నా ముందే ఉంది. నూట పదిహేడో వరుస తెరిస్తే కనబడుతుంది. వాడు బతికున్న నలభై తొమ్మిదిలో ఉన్నాడో, పోయిన యాభై ఒకటిలో ఉన్నాడో. తెరవలేదు. ఇలా తెలుసుకోకూడదు.

మే 8

డాక్టర్ ఓజెన్ ఒడీల్‌ను గదిలోకి పిలిచారు. నన్నూ ఉండమన్నారు. ఆయన లేచి నిలబడ్డారు.

"మీ ఉద్యోగం తీసేసిన కాగితం మీద సంతకం నాదే."

"తెలుసు. సంతకం గుర్తుపట్టా. మొదటి అక్షరం మరీ పెద్దది."

"తప్పు చేశాను."

"చేశారు" అంది ఒడీల్. "కూర్చోండి డాక్టర్ గారూ, మీరేం పోలేదు కదా, నిలబడటం దేనికి?"

ఆయన నవ్వబోయి నవ్వలేకపోయారు. పెద్ద చదువులు చదివినవాళ్ళు తప్పు చేశానని అంత తేలిగ్గా అనగా నేను చూడలేదు. ఆయన మీద కూడా గౌరవం పెరిగింది.

మే 20, మంగళవారం

సంఘం ఎదుట నేనే చెప్పాను. మొదటి రిపోర్టు తప్పు, అది నేను రాశాను, దాంట్లో నా తమ్ముడున్నాడు, ఆ సంగతి దాచాను అని మొదలుపెట్టాను. తర్వాత అంకెలు చెప్పాను.

చివరి వరుసలోంచి ఒక పెద్దమనిషి అడిగాడు. "ఆ దొరకని ఇద్దరినీ ఎందులో కలిపారు?"

ఒడీల్ లేచింది. "ఎందులోనూ కలపలేదయ్యా. దొరకలేదు అని రాశాం. బతికున్నారని రాయలేదు, పోయారనీ రాయలేదు. ఇంకా వెతుకుతున్నాం."

ఏడుగురు ఔనన్నారు, నలుగురు కాదన్నారు. బస్సులు జూన్ ఒకటికి సిద్ధంగా ఉంటాయి. నూట తొంభై మూడు మంది ఇప్పుడు చికిత్సలో ఉన్నారు. వాళ్ళకు ఈ ముసలావిడ పేరు ఎప్పటికీ తెలియదు.

బయట మెట్ల మీద ఆమె చేతిసంచి తెరిచి కొత్త కార్డు ఒకటి నా చేతిలో పెట్టింది. నూట పదిహేడు. ఖాళీది. పైన ఫోన్ నంబరు మాత్రం రాసి ఉంది.

"రిజిస్ట్రీ పని అయిపోయింది. ఇది నీది."

"మిస్ ఒడీల్, ఒక్క మాట చెప్పండి. లేచి నిలబడ్డారా?"

"ఇరవై" అంది. "మర్చిపోకు." మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మే 21, బుధవారం

పొద్దున ఎనిమిదింటికి చేశాను. వంటింట్లో, అదే బల్ల దగ్గర. నా మాటలు నాకు రావని తెలుసు, అందుకని రిజిస్ట్రీ ప్రశ్నల కాగితం ముందు పెట్టుకుని చదివాను.

ఎత్తారు. ఎవరూ పలకలేదు. ఊపిరి.

"నమస్తే, గ్రాండ్ మారే క్యాన్సర్ రిజిస్ట్రీ నుంచి మాట్లాడుతున్నాను. ఆల్సీద్ వెర్రెట్ గారేనా?"

ఏమీ లేదు. లెక్కపెట్టాను. అయిదు. తొమ్మిది. పన్నెండు. పద్నాలుగు దగ్గర చప్పుడు.

చెక్క మీద వేలి కణుపు. ఒక దెబ్బ.

కాగితం తడిసిపోయి అక్షరాలు కనబడలేదు. అయినా కంఠతా వచ్చు కదా. "మీరు జీవించి ఉన్నారా?" అని అడిగాను. రోగే ఎత్తితే ఆ ప్రశ్న వదిలెయ్యాలి. నేను వదల్లేదు. ఒక దెబ్బ పడింది, గట్టిగా, విసుగ్గా.

"వ్యాధి ఇప్పుడు ఉందా?"

ఆగి, ఒకటి.

కాగితం పక్కన పెట్టేశాను. "రెండేళ్ళ కిందట నేను చేసినప్పుడు ఎత్తింది నువ్వేనా?"

ఒకటి.

"మాట్లాడలేకపోయావా?"

ఒకటి.

"నా మీద కోపమా?"

ఒకటి. దీనికి మాత్రం ఒక్క క్షణం కూడా ఆగలేదు.

"ఇంకా?"

ఒకటి.

"మూడు రోజులని నాకు తెలీదురా. తెలిసినట్టు చెప్పాను. ఒక్కదాన్నే ఉండలేక చెప్పాను. నువ్వు ఆ రోజే వెళ్ళాల్సింది."

చప్పుడు లేదు. ఇరవై లెక్కపెట్టాను. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను.

"రావచ్చా?"

ఎంతసేపో తెలియదు. లెక్క తప్పిపోయింది. నాకు లెక్క తప్పడం అదే మొదలు. అప్పుడు ఒక దెబ్బ, మెల్లిగా.

ఫోన్ ఎవరో లాక్కున్నట్టు గరగర. ఒక ఆడ గొంతు. "ఎవరండీ మీరు? ఈయన బల్ల మీద కొడుతుంటే కాఫీ అంతా ఒలికిపోయింది!"

"వాళ్ళ అక్కని."

"మూడు రోజుల అక్కా?"

"ఆ అక్కనే."

"నా పేరు లాన్. ఈయనతో ఉంటాను." గొంతు తగ్గించింది. "స్వరపేటిక తీసేసి మూడేళ్ళయింది. గొంతుకి పెట్టుకునే యంత్రం ఇచ్చారు, రేడియోలా ఉందని అవతల పారేశాడు. జబ్బు మళ్ళీ వచ్చింది. టైం ఎక్కువ లేదన్నారు. వస్తే తొందరగా రండి." వెనక ఏదో కొట్టిన చప్పుడు. "ఉండవయ్యా, చెప్తున్నా! వేలితో బల్ల మీద బొమ్మ గీస్తున్నాడు. వచ్చేటప్పుడు ఆ మూల కొట్టులో బూడాన్ సాసేజి తెమ్మంటున్నాడు. మింగలేడు. వాసన చూస్తాడట."

మే 22, గురువారం

కార్డు నింపి ఒడీల్‌కు ఇచ్చాను. పెన్సిలుతోనే నింపాను. కూర్చునే నింపాను.

కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి చదివింది. 'సజీవులు' దగ్గర తల ఊపింది. 'వ్యాధి ఉంది' దగ్గర ఊపలేదు. 'సమాచారం ఇచ్చినవారు' అన్న గడిలో నేను 'రోగి స్వయంగా' అని రాశాను. అక్కడ వేలు పెట్టింది.

"మాట్లాడాడా?"

"మాట్లాడాడు."

చెరిపెయ్యలేదు. కింది గడి చూసింది. 'తర్వాత పలకరించవలసిన తేదీ.' ఏడాది తర్వాతి తేదీ వెయ్యాలి, ముప్ఫై ఏళ్ళుగా అదే నియమం.

నేను 'శనివారం' అని రాశాను.